తపాలా బిళ్లంత బోర్డు... తకధిమి లెక్కలు!

తెర మీద హీరో మేడ మీంచి దూకాడు. హాలంతా ఈలలు! కింద అట్టపెట్టెలూ, పరుపులూ పరిచి ఉంటాయని మనకూ తెలుసు, హీరోకీ తెలుసు, హీరో బదులు దూకిన డూపుకి ఇంకా బాగా తెలుసు. అది అలా ఉంచండి. గాల్లో ఉన్న ఆ ముప్పావు సెకను సేపు ఆ మనిషి బరువెంత?

"అదేం ప్రశ్న? డెబ్భై కిలోలు!" అని మీరంటారు.

"సున్నా!" అంటుంది ఈ వారం మన శీర్షికకు విచ్చేసిన కొత్త తార.

కొత్త తార అన్నానని స్టిల్సు కోసం పేజీలు తిరగెయ్యకండి. ఈవిడగారి పొడవు రెండు సెంటీమీటర్లు, వెడల్పు ఒకటిన్నర. కవరు మీద అంటించే తపాలా బిళ్లంత. ఒంటికి నీలం పూత, ఒక అంచున వరసగా ఎనిమిది చిల్లులు, నడుమ నాలుగు మిల్లీమీటర్ల నల్లటి చదరపు గింజ. బోర్డు పేరు జి.వై. 521. గింజ పేరు ఎం.పి.యు. 6050. ఒకటి రైలింజను నంబరులా, ఇంకొకటి లారీ నంబరులా లేవూ? పోనీలెండి, తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనే తెరకెక్కిన వాళ్లు మన ఫీల్డులో మాత్రం ఎంతమంది! మనం ముద్దుగా "కదలికల బోర్డు" అని పిలుచుకుందాం.

"సినిమా పత్రికలో ఈ రేడియో రిపేరు గోలేమిటండీ?" అని మీలో కొందరు అప్పుడే పేజీ తిప్పబోతున్నారు. ఆగండాగండి. మీ అభిమాన నటుడి కోతి వేషానికీ, ఎలుగుబంటి వేషానికీ, కెమెరా కుదుపు లేకుండా మెట్లెక్కడానికీ, రేపు మీ చెల్లెలి కాలిగజ్జె చీకట్లో మెరవడానికీ ఈ జాతి గింజే ఆధారం. అంతేకాదు, గ్రూపు డాన్సరు ఒళ్లు హూనం చేసుకుని ఆడిన ఆట ఎవరి సొత్తు అన్న పెద్ద తగవు కూడా ఈ గింజ చుట్టూనే తిరుగుతోంది. అది చివర్లో చెబుతాను. ముందు మేకప్పు తీసి ముఖం చూద్దాం.

కారులో పుట్టి, కెమెరాకెక్కి...

ఈ వంశానికి మూలపురుషుడు సినిమావాడు కాదు, కార్ల వాడు. 1990 దశకం మొదట్లో అమెరికాలో అనలాగ్ డివైసెస్ అనే కంపెనీ సిలికాను ముక్క మీద ఒక చిన్న పరికరం చెక్కింది. కారు దేన్నయినా గుద్దుకుంటే, ఆ కుదుపును క్షణంలో పసిగట్టి గాలిసంచిని విప్పమని చెప్పడం దాని ఉద్యోగం. ప్రాణాలు కాపాడే పాత్ర, కానీ అయిదు నిమిషాలు కూడా తెర మీద కనపడదు.

2006లో నింటెండో వాళ్ల 'వీ' ఆట వచ్చింది. చేతిలో కడ్డీ పట్టుకుని గాల్లో ఊపితే తెర మీద టెన్నిసు బంతి ఎగిరింది. పిల్లలు ఊపారు, తాతలూ ఊపారు. 2007లో ఆపిల్ వాళ్ల ఐఫోను వచ్చింది. ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మా అడ్డం తిరిగింది. ఇప్పుడు మీరు హాలు బయట నిలబడి ట్రైలరు చూడ్డానికి ఫోను పక్కకి తిప్పుతారు చూడండి, "ఇటు తిప్పాడు" అని లోపల కబురు చెప్పేది ఇదే జాతి గింజ. అంటే మీకు తెలియకుండానే ఈ తార మీ జేబులో కాపురం పెట్టి చాలా కాలమైంది.

ఇక కెమెరా సంగతి. 1970 దశకంలో గారెట్ బ్రౌన్ అనే అమెరికా ఛాయాగ్రాహకుడు స్టెడీక్యామ్ కనిపెట్టాడు. స్ప్రింగుల చెయ్యి, ఒంటికి బిగించిన చొక్కా, కింద బరువులు. ఆపరేటరు పరిగెత్తినా బొమ్మ పడవలా తేలింది. 1976లో వచ్చిన 'రాకీ'లో హీరో మెట్లెక్కి చేతులెత్తే దృశ్యం గుర్తుందా? అదే మహత్యం. కాకపోతే దాన్ని మొయ్యడానికి పహిల్వాను కావాలి, నేర్చుకోడానికి నెలలు కావాలి.

2013 ప్రాంతంలో మోటార్లతో నడిచే గింబల్ రంగంలోకి దిగింది. కెమెరా ఎటు వంగుతోందో లోపలి గింజ సెకనుకి కొన్ని వందల సార్లు చెబుతుంది, మోటార్లు దానికి ఎదురు తిప్పుతాయి. "కుడికి వంగావ్, ఎడమకి రా!" అంతే. పెళ్లి వీడియోవాళ్లు కూడా ఇప్పుడు పెళ్లికూతురి వెనకాల గింబల్ పట్టుకుని పరిగెడుతున్నారంటే కారణం ఇలాంటి గింజలు చవకవడమే.

ఎలుగుబంటి వేషం వేసిన దర్శకుడు

ఇప్పుడు అసలు వినోదం. నటుడి కదలికలను పట్టి, కంప్యూటరు బొమ్మకి తొడగడాన్ని మోషన్ క్యాప్చర్ అంటారు. ఇందులో రెండు బాణీలున్నాయి.

మొదటిది కళ్లతో చూసే బాణీ. నటుడి ఒంటి మీద తళుక్కుమనే చిన్న గుండ్లు అంటిస్తారు. గది చుట్టూ పదుల కొద్దీ కెమెరాలు పెట్టి ఆ గుండ్లను వెంటాడతారు. పని శ్రేష్ఠం, ఖర్చు ఘనం. ఒకరి చాటున ఒకరు పడితే గుండ్లు కనపడక తంటా. 2014లో రజనీకాంత్ 'కోచ్చడయాన్', మనకి 'విక్రమసింహ'గా వచ్చిన చిత్రం, మోషన్ క్యాప్చర్ అనే మాటను మన పేటల్లో కూడా వినిపించింది.

రెండోది ఒంటితోనే చెప్పే బాణీ. కెమెరాలు అక్కర్లేదు. చేతులకీ, కాళ్లకీ, నడుముకీ, తలకీ కదలిక గింజలు కట్టేస్తే ఎవరి వాటా వారు చెబుతారు. నెదర్లాండ్సుకి చెందిన ఎక్స్‌సెన్స్ కంపెనీ చేసిన సూటులో ఇలాంటివి 17 ఉంటాయి. 2012లో వచ్చిన 'టెడ్' అనే హాస్య చిత్రంలో నోరు జారే బొమ్మ ఎలుగుబంటి ఉంది కదా, ఆ ఎలుగుబంటి దర్శకుడు సేత్ మెక్‌ఫర్లేనే! సూటు తొడుక్కుని సెట్టులోనే కూర్చుని, ఎదుటి నటులతో డైలాగులు చెబుతూ, ఎలుగుబంటి అభినయం చేసేశాడు. దర్శకత్వమూ అక్కడే, ద్విపాత్రాభినయమూ అక్కడే. నిర్మాతకి ఇంతకంటే ఏం కావాలి?

ఆ సూటు కొనాలంటే మనబోటి వాళ్ల ఆస్తులు చాలవు. కానీ దాని దూరపు చుట్టం, మన తపాలా బిళ్ల, హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఒక మల్టీప్లెక్సు టిక్కెట్టు ధరకి కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. అందుకే ఈ వారం దీని మీద పడ్డాను.

గింజ లోపలి గుట్టు

గింజలో రెండు పరికరాలున్నాయి. ఒకటి త్వరణమాపకం, యాక్సిలరోమీటరు. రెండోది భ్రమణమాపకం, గైరోస్కోపు. పేర్లు చూసి హడలిపోకండి.

మొదటిదాని లోపల కంటికి కనపడనంత చిన్న సిలికాను ముద్ద, సిలికాను స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. దానికి దువ్వెన పళ్లలాంటి పళ్లు. ఎదురుగా కదలని దువ్వెన ఇంకొకటి. మీరు బోర్డును కదిలిస్తే, బస్సు బ్రేకు వేసినప్పుడు నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు, ముద్ద కాస్త తూలుతుంది. పళ్ల మధ్య ఎడం మారుతుంది. ఎడం మారితే విద్యుత్తును నిలవ చేసుకునే శక్తి మారుతుంది. ఆ మార్పును అంకెగా మార్చి చెప్పేస్తుంది.

బోర్డును బల్ల మీద కదలకుండా పెట్టినా అది సున్నా చెప్పదు, "ఒక జి" అంటుంది. జి అంటే భూమి ఆకర్షణ లెక్క, సెకనుకి సెకనుకి 9.8 మీటర్లు. బల్ల కింద నుంచి మోస్తోంది కాబట్టి స్ప్రింగు వంగి ఉంటుంది మరి. అదే బోర్డును పైనుంచి వదిలేస్తే మోసే దిక్కులేదు, స్ప్రింగు వంగదు, లెక్క సున్నా. మేడ మీంచి దూకిన డూపు సంగతీ ఇదే. మూడు మీటర్ల ఎత్తు నుంచి దూకితే నేల తాకడానికి 0.78 సెకను. అంతసేపూ బోర్డు "సున్నా, సున్నా" అంటుంది. పరుపు తగలగానే అంకె చివాలున లేస్తుంది. పరుపు మెత్తనిదా, మోసపోయామా అన్నది ఆ లేచిన అంకెలో ఉంటుంది!

గైరోస్కోపుది ఇంకో చమత్కారం. మీరు జాతరలో రంగులరాట్నం తిరుగుతుండగా మధ్యలోంచి అంచువైపు నడిచి చూశారా? ఎవరో పక్కకి తోసినట్టుంటుంది. 1835లో ఫ్రాన్సుకి చెందిన కొరియాలిస్ అనే పండితుడు దీని లెక్క కట్టాడు. గింజలోపల చిన్న ముద్దలు నిరంతరం అటూ ఇటూ ఊగుతుంటాయి. బోర్డు తిరిగితే వాటికి పక్కతోపు తగులుతుంది. ఆ తోపుని కొలిస్తే, ఎంత వేగంగా తిరుగుతున్నామో తెలుస్తుంది. సెకనుకి 250 డిగ్రీల నుంచి 2000 డిగ్రీల దాకా నాలుగు మెట్లలో కొలుచుకోవచ్చు. 2000 అంటే సెకనుకి అయిదున్నర చుట్లు. మన నాట్యతారల గిరికీలకి అది చాలు.

మూడు దిక్కుల త్వరణం, మూడు దిక్కుల భ్రమణం, కలిపి ఆరు. అదనంగా ఒక ఉష్ణమాపకం కూడా లోపలుంది. టిక్కెట్టు కొంటే గ్లాసు సోడా ఉచితం అన్నట్టు.

అన్నదమ్ముల కథ

"మరింకేం? కట్టేసుకుని సినిమా తీసేద్దాం!" అనుకునేరు. ఇంటర్వెల్ తర్వాతే కదా చిక్కులు మొదలయ్యేది.

గైరోస్కోపు తమ్ముడిలాంటివాడు. చురుకు, ఆవేశం. చిటికె వేసేలోగా జవాబు చెబుతాడు. కానీ చెప్పే ప్రతిమాటలో పిసరంత అబద్ధం. ఆ పిసరు పేరుకుపోతుంది. సెకనుకి ఒక్క డిగ్రీ తప్పు చెబుతున్నాడనుకోండి, నాలుగు నిమిషాల పాట అయ్యేసరికి తప్పు 240 డిగ్రీలు! నాయిక నాయకుడి కళ్లలోకి చూస్తూ పాడుతుంటే, మన లెక్కలో మాత్రం పాపం ఆవిడ గోడవైపు తిరిగి ఉంటుంది.

యాక్సిలరోమీటరు అన్నలాంటివాడు. భూమి ఎటుందో అతనికి ఎప్పుడూ తెలుసు, పెద్దలంటే గౌరవం. కాలం గడిచినా మాట మార్చడు. కాకపోతే చిన్న కుదుపు తగిలినా వణికిపోతాడు. గెంతుల మధ్యలో అతన్ని అడిగితే ఒక్క ముక్క నమ్మడానికి వీల్లేదు.

మరి కథ సుఖాంతం కావాలంటే? అన్నదమ్ములు కలవాలి! అదే చేస్తారు ఇంజనీర్లు. ఒక చిన్న సూత్రం రాస్తారు. క్షణక్షణానికీ తమ్ముడి మాటకి 98 పాళ్లు, అన్న మాటకి 2 పాళ్లు విలువ. తక్షణం తమ్ముడిదే పెత్తనం. అన్న మెల్లమెల్లగా వాణ్ని దారికి తెస్తుంటాడు. దీన్ని కాంప్లిమెంటరీ ఫిల్టరు అంటారు. ఇంతకంటే గడుసు సూత్రాలు ఉన్నాయి, కాల్మన్ ఫిల్టరు వాటిలో పేరున్నది. కొత్తవాళ్లకి ఈ 98-2 చాలు.

అయినా ఒక లోటు మిగులుతుంది. అన్నకి పైనా కిందా తెలుసు గానీ, తూర్పూ పడమరా తెలీదు. నిలువుగా నిలబడి గుండ్రంగా తిరిగితే భూమి దిక్కు మారదు కదా, అతనికి తెలిసేదెలా? అందుకే పెద్ద సూట్లలో దిక్సూచి కూడా కలుపుతారు. ఆ మూడో వాడికి ఇనుం వాసన తగిలితే బుద్ధి తప్పుతుంది. ఇనప స్టాండ్లూ, కేబుళ్లూ నిండిన స్టూడియోలో అదో తలనొప్పి.

ఇంకో భ్రమ కూడా వదిలించుకోండి. "ఎంత వేగంగా కదిలిందో తెలిస్తే ఎంత దూరం వెళ్లిందో లెక్క కట్టలేమా?" కట్టొచ్చు, కొంప మునుగుతుంది. జి లో నూరోవంతు తప్పు ఉంటే చాలు, పది సెకన్లలో దాదాపు 5 మీటర్ల తేడా వస్తుంది. హీరో నిలబడ్డచోటే ఉంటాడు, కంప్యూటరులో మాత్రం గేటు దాటి రోడ్డు మీదకి వెళ్లిపోతాడు. అందుకే సూటు తయారుచేసేవాళ్లు మనిషి ఎముకల పొడవులూ, పాదం నేల మీద ఆనిన క్షణాలూ అన్నీ లెక్కలోకి లాగి దారి తప్పకుండా చూస్తారు.

కాలికి కట్టి చూద్దామా?

ఒక్క బోర్డుతో మీరు చెయ్యగలిగిన అందమైన పని చెబుతాను: పాదఘాతానికి మెరిసే గజ్జె.

కావలసినవి: కదలికల బోర్డు ఒకటి. దాని మాట విని ఆజ్ఞలిచ్చే చిన్న కంప్యూటరు బోర్డు ఒకటి. ఆర్డుయినో అని 2005లో ఇటలీలోని ఇవ్రేయా ఊళ్లో పుట్టింది, విద్యార్థుల కోసమే పుట్టింది. అదైతే నేర్చుకోడానికి సుళువు. బట్టలకి కుట్టుకోదలిస్తే గుండ్రటి లిలీప్యాడ్ ఉంది, 2007లో అమెరికా పరిశోధకురాలు లియా బ్యూక్లీ రూపకల్పన. చిల్లుల్లోంచి కరెంటు పారే దారంతో రవికకి పూసలు కుట్టినట్టు కుట్టెయ్యడమే. కొన్ని లెడ్ దీపాలు, చిన్న బ్యాటరీ, నాలుగు తీగలు, ఓ సాల్డరింగు కడ్డీ.

బోర్డుకి చిల్లులు ఎనిమిదున్నా మనకి నాలుగే ముఖ్యం. కరెంటుకి ఒకటి, గ్రౌండుకి ఒకటి, కబుర్లకి రెండు. ఈ రెండు తీగల సంభాషణను ఐ-టు-సి అంటారు. 1982లో ఫిలిప్స్ కంపెనీ టీవీల లోపలి వ్యవహారాల కోసం పెట్టిన భాష అది. పిన్నుల వరస విడిగా ఇస్తారు, మనమే సాల్డరు చేసుకోవాలి. "ఊరికే గుచ్చితే చాలదా?" అనే బద్ధకస్తులకి బోర్డు పది నిమిషాలు పలుకుతుంది, పది నిమిషాలు అలుగుతుంది.

ఇంకో సంగతి. కరెంటు ఇవ్వగానే ఈ తార నిద్ర లేవదు! పుట్టుకతోనే నిద్రావస్థలో ఉంటుంది. దాని 107వ గడిలో సున్నా రాస్తేగానీ కళ్లు తెరవదు. షూటింగు తొమ్మిదింటికంటే పదకొండుకి లేచే తారలు మనకి కొత్తా ఏమిటి?

లేచాక కొలబద్ద మార్చండి. మామూలుగా అది 2 జి దాకానే కొలుస్తుంది. కూచిపూడి పిల్ల బలంగా ఒక్క అడుగు తట్టితే అది దాటిపోయి, అంకె పైకప్పుకి కొట్టుకుని ఆగిపోతుంది. 16 జి మెట్టు మీద పెట్టండి. అప్పుడు ఒక జి కి 2048 అంకెలు వస్తాయి. సెకనుకి వంద సార్లు చదివించండి. అంకె మీరు పెట్టిన గీత దాటితే దీపం వెలగాలి. ఒక్క తట్టుకి మూడుసార్లు వెలగకుండా, వెలిగిన తర్వాత సెకనులో పదోవంతు సేపు చెవులు మూసుకోమని చెప్పండి. గీత ఎక్కడ పెట్టాలంటారా? అది ఆడే కాలిని బట్టి. చిన్నపిల్లకి ఒకటి, పెద్ద గురువుగారికి ఒకటి. ఆడించి చూసి పెట్టుకోవలసిందే.

దీపాలు పక్కన పెట్టినా దీనికో ప్రయోజనం ఉంది. తట్టిన ప్రతి క్షణాన్నీ కంప్యూటరులో రాయించండి. మూడో కాలంలో అడుగు ఎక్కడ వెనకబడుతోందో, ఎడమకాలు కుడికాలి కంటే ఎంత బద్ధకిస్తోందో సెకనులో నూరోవంతు దాకా తేలుతుంది. పట్నంలో గురువు దగ్గరికి నెలకోసారి మాత్రమే వెళ్లగలిగే పల్లెటూరి పిల్లకి ఇది తక్కువ సాయమా? తాళం తప్పిందని బోర్డు చెబుతుంది. భావం తప్పిందని మాత్రం గురువే చెప్పాలి. నవ్వులో విరహం ఉందో లేదో ఈ గింజకి ఈ జన్మకి తెలీదు.

ఒక హెచ్చరిక. లిథియం బ్యాటరీని కాలి చర్మానికి ఆనించి కట్టకండి. చెమట, తాకిడి రెండూ దానికి శత్రువులు. గట్టి డబ్బీలో పెట్టి, నడుముకి పట్టీలో దోపండి. కానీ నడుము నుంచి పాదం దాకా ఐ-టు-సి తీగలు సాగదీస్తే కబుర్లు చెడిపోతాయి, అది దగ్గరి మాటల భాష. చిన్న కంప్యూటరు బోర్డు కూడా కాలి దగ్గరే ఉండాలి, కరెంటు తీగలు మాత్రం పైనుంచి రావాలి.

మరి ఈ కదలిక ఎవరిది?

ఇక మొదట చెప్పిన తగవు.

పాత బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో ఎన్.టి. రామారావు ద్విపాత్రాభినయం చేస్తుంటే, రెండో రామారావు వీపు కావాలి కదా. ఆ ఒడ్డూ పొడుగూ ఉన్న యువకుడు కైకాల సత్యనారాయణ డూపుగా నిలబడ్డాడు. వీపుతో మొదలైన మనిషి తర్వాత ముఖంతో వందల చిత్రాలు ఏలాడు, యముడంటే ఆయనే అనిపించాడు. 2022లో కన్నుమూసేనాటికి ఆయన పేరు తెలియని తెలుగువాడు లేడు. కానీ వీపుల దగ్గరే ఆగిపోయిన వాళ్లు ఎంతమంది? ఫైటరు కిందపడితే ఈల హీరోకి. గ్రూపు డాన్సరు కాలు బెణికితే మర్నాడు ఆ స్థానంలో ఇంకొకరు. పేర్ల కార్డులో వారికి చోటు దొరకడమే కష్టం.

ఇన్నాళ్లూ వాళ్లకి ఒక ధీమా ఉండేది. రేపటి సినిమాకి మళ్లీ వాళ్లనే పిలవాలి. ఎందుకంటే ఆట వాళ్ల ఒంట్లో ఉంది. కదలిక గింజలు వచ్చాక ఆట ఒంట్లోంచి బయటికి వచ్చి ఫైలులో కూర్చుంది. ఒక రోజు సూటు తొడిగి ఆడించి, ఆ ఫైలును పది సినిమాల్లో పదిమంది బొమ్మలకి తొడగొచ్చు. యంత్రానికి నేర్పి కొత్త ఆటలు పుట్టించొచ్చు. ఒకరోజు బేటా ఇచ్చి జీవితకాలం ఆడించుకోవచ్చు!

ఇది నా ఊహ కాదు. 2023లో హాలీవుడ్ నటీనటుల సంఘం 118 రోజులు సమ్మె చేసింది. నటుడి కంప్యూటరు ప్రతిరూపం వాడాలంటే అతని అంగీకారమూ, ప్రతిఫలమూ ఉండాలన్నది ఆ సమ్మెలోని పెద్ద కోరికల్లో ఒకటి. ఒప్పందంలోకి ఆ మాట ఎక్కింది. ఆ మరుసటి ఏడాది, 2024 జూలైలో, అదే సంఘం వీడియో ఆటల కంపెనీల మీద సమ్మెకి దిగింది. అక్కడ రచ్చకెక్కింది సరిగ్గా మన ప్రశ్నే. ముఖం, గొంతు లేకుండా కేవలం కదలికలు ఇచ్చేవాడు నటుడా, లేక అతనిచ్చింది వట్టి అంకెలా? 2025 జూన్‌లో సమ్మె ఆగి, జూలైలో ఒప్పందం కుదిరింది. కదలికలిచ్చేవాళ్లకీ అంగీకారం అడగాలన్న రక్షణ అందులో చేరింది.

మన దేశంలో పెద్ద తారలు కోర్టు తలుపు తట్టారు. 2023లో అనిల్ కపూర్ ఢిల్లీ హైకోర్టు నుంచి తన పేరూ, రూపూ, గొంతూ ఎవరు పడితే వారు వాడుకోకుండా ఉత్తర్వు తెచ్చుకున్నారు. 2025లో నాగార్జున అదే కోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు నుంచి ఇలాంటి ఉత్తర్వులే పొందారు. బాగుంది. వారి ముఖం చూస్తే జడ్జిగారికైనా ఎవరో తెలుస్తుంది. కానీ ముప్పైమంది వరసలో మూడో వాడి మోకాలి విరుపును ఎవరు గుర్తుపడతారు? ఏ కోర్టుకి వెళ్లి "ఆ గెంతు నాది" అని రుజువు చేసుకుంటాడు?

అందుకని సినిమాల్లోకి వెళ్లాలని ఉవ్విళ్లూరుతున్న నా డాన్సరు తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ, ఫైటు మాస్టర్ల దగ్గర నేర్చుకుంటున్న కుర్రాళ్లకీ ఒక మాట. రేపు మీకు సూటు తొడిగితే సంబరపడండి, తప్పులేదు. తొడిగే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ ఫైలు ఏ సినిమాకి? ఇంకో సినిమాకి వాడితే మళ్లీ డబ్బిస్తారా? యంత్రానికి నేర్పడానికి వాడతారా? పేర్ల కార్డులో నా పేరుంటుందా? జవాబులు కాగితం మీద రాయించుకోండి. నోటిమాట గైరోస్కోపులాంటిది, రోజులు గడిచేకొద్దీ పక్కకి జరుగుతుంది.

ఆ ప్రశ్నలు ధైర్యంగా అడగాలంటే యంత్రం ఏం పట్టుకుంటుందో, ఏం పట్టుకోలేదో మీకు తెలియాలి. అది తెలుసుకోడానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. కాలికి ఒక తపాలా బిళ్ల కట్టుకుని, మీ అడుగు మీ కళ్లముందే అంకెలుగా మారడం ఒక్కసారి చూడండి. మీరిచ్చేది ఎంత విలువైనదో అప్పుడర్థమవుతుంది.

మీరు అడిగేవి, నేను చెప్పేవి

ప్ర: రెండు కాళ్లకీ కట్టాలంటే ఒకే చిన్న కంప్యూటరు చాలుతుందా?
జ: ఒకే తీగల జంట మీద రెండు బోర్డులు మాట్లాడగలవు. ఎ.డి.0 అనే చిల్లుకి కరెంటు తగిలిస్తే రెండో బోర్డు ఇంటి నంబరు మారుతుంది, ఇద్దరూ ఒకేసారి "ఓయ్" అనరు. కానీ గజ్జెలకి మాత్రం తీగల పొడవు గొడవ ఉంది కనక, కాలికొక చిన్న కంప్యూటరు పెట్టి వైర్‌లెస్‌లో కబురు పంపించుకోవడం మేలు. ఇ.ఎస్.పి.32 జాతి బోర్డులు ఆ పనికి బాగుంటాయి.

ప్ర: ఎం.పి.యు. 6050 పాతబడిందటగా? కొత్తది కొనమంటారా?
జ: పాతదే. దాని తర్వాత చాలామంది కొత్త తారలు వచ్చారు. బాష్ కంపెనీ బి.ఎన్.ఓ. 055లో దిక్సూచి కూడా ఉంది, అన్నదమ్ముల్ని కలిపే పని కూడా లోపలే చేసుకుంటుంది, ధర మాత్రం ఎక్కువ. మొదటిసారి నేర్చుకునేవాళ్లకి పాత చిత్రమే మేలు. చూసినవాళ్లు ఎక్కువ కనక కథ చెప్పేవాళ్లూ ఎక్కువ.

ప్ర: బోర్డును బల్ల మీద పెట్టినా గైరోస్కోపు సున్నా చూపించడం లేదు. మోసపోయానా?
జ: లేదు నాయనా. ప్రతి గింజకీ పుట్టుమచ్చలాంటి తప్పు ఒకటుంటుంది. కదలకుండా పెట్టి వెయ్యిసార్లు చదివించి, సగటు తీసి, దాన్ని ప్రతిసారీ తీసివెయ్యండి. వేడెక్కితే ఆ తప్పు కాస్త మారుతుంది, కాబట్టి ఆటకి ముందు ఓసారి మళ్లీ చూసుకోండి.

ప్ర: దీన్ని కట్టుకుని ప్రాక్టీసు చేస్తే చిరంజీవిలా స్టెప్పులేస్తానా?
జ: ఎన్ని స్టెప్పులు తప్పావో కచ్చితంగా తెలుస్తుంది. అక్కణ్నుంచి నీ ఒళ్లు, నీ అదృష్టం!

ప్ర: మా అమ్మ "చదువుకోరా అంటే తీగలు పీకుతున్నావ్" అంటోంది. ఏం చెప్పను?
జ: దువ్వెన పళ్లు, స్ప్రింగు, కొరియాలిస్, సగటు, దశాంశాలు... ఇవన్నీ ఇంటర్ పుస్తకంలో ఉన్నవాటికి చుట్టాలే అని చెప్పు. ఆ తర్వాత ముందుగా ఆవిడ గాజుకో బోర్డు కట్టి, ఇంటిపనిలో చెయ్యి రోజుకి ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టి చూపించు. ఆ అంకె చూశాక తిట్టదు. నువ్వే లేచి గిన్నెలు కడుగుతావు.